నీళ్లలో నిలిచే అతుకు

ఎండు మొద్దు ఒకటి తెచ్చి, అక్వేరియంలో ముచ్చటగా నిలబెట్టి, నీళ్లు పోసి పడుకున్నాను. తెల్లారి చూస్తే అది నీటిపైన బోర్లా తేలుతోంది. దానికి ఆనించిన రెండు రాళ్లు ఇసుకలో దొర్లి ఉన్నాయి. అద్దం పగల్లేదు, అదే పదివేలు. అప్పుడు నాకు వచ్చిన మొదటి ప్రశ్న ‘ఏ జిగురు గట్టిది?’ అని. అడగాల్సింది అది కాదు. ‘ఈ మొద్దు ఎంత బలంగా పైకి లేస్తోంది?’ అని అడగాలి.

లెక్క కష్టమేమీ కాదు. మొద్దు పరిమాణం 2 లీటర్లు, బరువు 1.4 కిలోలు అనుకుందాం. పూర్తిగా ముంచితే అది 2 కిలోల నీటిని పక్కకు నెడుతుంది. తేడా 600 గ్రాములు. అంత బరువుకు సమానమైన బలం దాన్ని పైకి తోస్తూనే ఉంటుంది. మరి 600 గ్రాముల రాయి కడితే సరిపోతుందా? సరిపోదు, ఎందుకంటే నీళ్లలో రాయి కూడా తేలికవుతుంది. మామూలు గట్టి రాయి నీటికంటే దాదాపు 2.6 రెట్లు సాంద్రమైనది. అలాంటి రాయి కిలో తీసుకుంటే నీళ్లలో తూగేది 615 గ్రాములే. అంటే మన మొద్దుకు కనీసం కిలో రాయి కావాలి, ఇంకాస్త ఎక్కువుంటే నిశ్చింత. చిల్లులు చిల్లులుగా ఉండే లావా రాయి ఈ పనికి పెద్దగా ఉపయోగపడదు. చూపుకే భారీగా ఉంటుంది.

తమాషా ఏమిటంటే, చెక్క పదార్థం తేలేది కాదు. చెక్క కణాల గోడలు నీటికంటే ఒకటిన్నర రెట్లు సాంద్రమైనవి. తేల్చేది ఆ కణాల లోపల చిక్కుకున్న గాలి. వారాలో నెలలో నానితే గాలి పోయి నీరు నిండుతుంది, మొద్దు తనంతట తానే మునుగుతుంది. కాబట్టి చాలాసార్లు జిగురు చేయాల్సింది తాత్కాలిక ఉద్యోగమే.

ఇక జిగురు సంగతి. ఏ జిగురైనా అంటుకోవాలంటే ముందు ఆ వస్తువు మీద పరుచుకోవాలి, గరుకు సందుల్లోకి దిగాలి. రాయికీ గాజుకూ నీళ్లంటే మహా ప్రీతి. తడిపితే వాటి మీద పల్చటి నీటి పొర పట్టుకుని ఉంటుంది. మనం పూసిన జిగురు రాయిని తాకే ముందు ఆ పొరను తాకి ఆగిపోతుంది. పాత ట్యాంకులోంచి తీసిన రాయి మీద పైగా నాచు, బ్యాక్టీరియా కట్టిన జారుడు పొర కూడా ఉంటుంది. దాని మీద అతికిస్తే మనం అతికించింది నాచుకే గానీ రాయికి కాదు. గట్టి బ్రష్‌తో తోమి, వీలైతే పూర్తిగా ఆరబెట్టడం వల్ల వచ్చే లాభం ఖరీదైన జిగురు కొన్నా రాదు.

అతుకుకు శత్రువైన ఆ నీరే సూపర్ గ్లూను గట్టిపరుస్తుంది! దీని అసలు పేరు సయనోఅక్రిలేట్. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో హ్యారీ కూవర్ అనే రసాయన శాస్త్రవేత్త తుపాకీ గురి కోసం పారదర్శకమైన ప్లాస్టిక్ వెతుకుతుంటే ఇది తగిలింది. ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుంటోందని పక్కన పెట్టేశారు. 1951లో కూవర్ బృందంలోని ఫ్రెడ్ జాయ్‌నర్ దీన్ని పరీక్షించబోతే పరికరంలోని రెండు గాజు ప్రిజంలు అతుక్కుపోయాయి. అప్పుడు గానీ ఇది జిగురని ఎవరికీ తట్టలేదు. 1958లో అమ్మకానికి వచ్చింది. ఉపరితలం మీది కాస్తంత తేమ తగలగానే దీని అణువులు గొలుసులుగా అల్లుకుంటాయి. అందుకే నీళ్లలో కూడా గట్టిపడుతుంది, కాకపోతే పైన తెల్లటి పొర కడుతుంది. గట్టిపడ్డాక చేపలకు హాని లేదు. ఈ కుటుంబానికే చెందిన మరో రకాన్ని డాక్టర్లు చర్మం మీది గాయాలు అతకడానికి వాడతారు.

అక్వేరియానికి పల్చటి రకం కన్నా జెల్ మేలు. మొక్కలు, పగడపు ముక్కలు అతికించడానికి దీన్ని మించింది లేదు. అనూబియాస్ లాంటి మొక్కకు దుంపవేరు మొత్తం పూయకుండా రెండు మూడు చుక్కలు పెడితే చాలు. దీని బలహీనత పెళుసుదనం. లాగితే ఆగుతుంది, మెలిపెట్టినా దెబ్బ తగిలినా టక్కున ఊడుతుంది. పెద్ద సందుల్ని కూడా నింపలేదు. అందుకే రెండు రాళ్ల మధ్య దూది కూరి, దాని మీద గ్లూ పోసే పద్ధతి వచ్చింది. నిమిషంలోపే రాయిలా బిగుస్తుంది. ఒక్క జాగ్రత్త: దూదిలో గ్లూ చాలా వేగంగా గట్టిపడి బాగా వేడెక్కుతుంది, పొగ కూడా వస్తుంది. చేత్తో నొక్కి పట్టుకుంటే కాలుతుంది. కిటికీ తీసి, ట్యాంకు బయటే చేయాలి.

సిలికోన్ కథ వేరు. ట్యూబు తెరవగానే వెనిగర్ వాసన వస్తుందే, అది గాలిలోని తేమతో చర్య జరిగి ఎసిటిక్ ఆమ్లం విడుదలవడం వల్ల. తేమ బయటినుంచి లోపలికి మెల్లగా దిగాలి, రోజుకు రెండు మూడు మిల్లీమీటర్లు. రాళ్ల మధ్య లావుపాటి ముద్ద పెట్టి మర్నాడే నీళ్లు పోస్తే లోపలంతా పచ్చిగానే ఉంటుంది. వారం ఆగాలి. బూజు పట్టకుండా మందు కలిపిన బాత్రూం సిలికోన్ జోలికి వెళ్లొద్దు. గాజుకూ నున్నటి పలక రాయికీ ఇది బాగా పడుతుంది, దుమ్ము రాలే రాయికి పట్టదు. రాళ్లను అడుగు గాజుకే అతికించేవాళ్లున్నారు గానీ నాకది నచ్చదు. రేపు తీయాలంటే గాజు మీద బ్లేడుతో యుద్ధమే.

రెండు ముద్దలు పిసికి కలిపే ఎపాక్సీకి నీళ్లతో స్నేహమూ లేదు, వైరమూ లేదు. రెండు భాగాలూ వాటిలో అవే చర్య జరుపుకుంటాయి కాబట్టి నీటి అడుగున కూడా గట్టిపడుతుంది. రంగు చారలు పూర్తిగా పోయేదాకా పిసకాలి, గ్లవ్స్ తప్పనిసరి. పచ్చి ఎపాక్సీతో చర్మానికి ఎలర్జీ రావచ్చు. నిజం చెప్పాలంటే తడి రాయికి ఇది అంటుకోదు, సందుల్లో దూరి బిగుసుకుంటుంది. అందుకే సముద్రపు ట్యాంకులవాళ్లు ముద్దకు రెండువైపులా సూపర్ గ్లూ జెల్ రాసి నొక్కుతారు. గ్లూ పట్టుకుంటుంది, ఎపాక్సీ సందు నింపుతుంది. ఆ రోజు స్కిమ్మర్ (నీటిలోని మలినాలను నురగతో తీసే పరికరం) నురగ కక్కితే టెన్షన్ పడక్కర్లేదు, కాసేపు ఆపితే సరి. లోహపు పొడి కలిపిన రకాలు మాత్రం వద్దు.

తెల్ల జిగురు నీళ్లలో కరిగిపోతుంది. వేడి గ్లూ గన్ అతుకు కొన్నాళ్లకే వదిలేస్తుంది.

పెద్ద రాళ్ల విషయంలో మాత్రం ఏ జిగురునూ నమ్మను. అడుగు రాయి ఇసుక మీద కాదు, ఇసుక పోయకముందే ట్యాంకు అడుగు మీద కూర్చోవాలి. సిక్లిడ్ చేపలు ఇసుక తవ్వితే పునాది కదిలిపోతుంది. జిగురు లేకుండా నిలబడే పేర్పు ముందు కుదరాలి, ఆ తర్వాతే గ్లూ మూత తీయాలి. మొద్దుకైతే పలక రాయికి రంధ్రం చేసి స్టెయిన్‌లెస్ స్టీల్ మరతో బిగించడం అన్నిటికన్నా భద్రం. ఇత్తడి మరలు వాడొద్దు, అందులోని రాగి రొయ్యలకు విషం.

నా మొద్దుకు చివరికి అదే చేశాను. మూడో నెలలో మర విప్పి చూశాను, అది లేవలేదు.