రేకు మీద ఓడ

చిట్టీ, బంటీ,

మొన్న సెలవులకి మద్రాసు వచ్చినప్పుడు (చెన్నై అనాలట, నా నోరు తిరగదు) హాల్లో అల్యూమినియం రేకు మీద అచ్చేసిన ఓడ ఫోటోని గోటితో గీకుతూ "తాతయ్యా, రేకు మీదకి బొమ్మ ఎలా ఎక్కింది" అని అడిగారు. ఇంతలో మీ బామ్మ టిఫిన్‌కి పిలిచింది, ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు బెంగళూరు ఇంట్లో మీ గదికీ అలాంటిదే కావాలని ఫోన్ చేశారు కదా, ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి.

దేవుడి గూట్లో కర్పూరం డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే ఏమవుతుంది? కరగదు, తడి కూడా కనపడదు, నాలుగు రోజులకి మాయమైపోతుంది. గట్టిగా ఉన్నది నీరు కాకుండానే తిన్నగా ఆవిరైపోవడం అన్నమాట. దీన్నే సబ్లిమేషన్ అంటారు. ఈ ప్రింట్లలో వాడే రంగులకీ అదే గుణం. ముందు బొమ్మని ఒక కాగితం మీద అద్దంలో చూసినట్టు తిరగేసి అచ్చువేస్తారు, దాన్ని పాలిమర్ (ప్లాస్టిక్ లాంటిది) పూత ఉన్న అల్యూమినియం రేకు మీద బోర్లించి సుమారు 200 డిగ్రీల వేడిలో ప్రెస్‌తో అదుముతారు. రంగు ఆవిరై పూతలోకి దూరుతుంది, చల్లారాక అక్కడే ఉండిపోతుంది. గోరింటాకు చర్మంలోకి పండినట్టే. అందుకే మీరెంత గీకినా రాలేదు.

నేను మొదటిసారి చేయించుకున్నది మాత్రం ఇది కాదు. ఇక్కడే ఒక షాపువాడు మెటల్ ప్రింట్ అని చెప్పి రేకు మీద స్టిక్కర్ అతికించి ఇచ్చాడు. నలభై ఏళ్ళు ఫోటోలు కడిగే డార్క్‌రూమ్‌లో బతికినవాణ్ణి, ఆ మెరుపు చూసి మోసపోయాను! ఐప్పసి నెల (తమిళ నెల, అక్టోబర్-నవంబర్) వానలకి అది పూరీలా పొంగింది. కాబట్టి డబ్బులిచ్చే ముందు అంచు దగ్గర గోరు పెట్టి చూడండి, పొర లేస్తే అది స్టిక్కరే.

సరే, ఏ ఫోటో వేయించాలి? మా హాల్లో ఉన్నది క్వీన్ మేరీ, 1945 జూన్ 20న అమెరికన్ సైనికులతో న్యూయార్క్ రేవులోకి వస్తున్నప్పటిది. అసలది దర్జా ప్రయాణికుల ఓడ. రెండో ప్రపంచయుద్ధంలో బూడిదరంగు పూసి సైనికుల్ని మోయించారు, 1943లో ఒక్క ప్రయాణంలోనే 16,683 మందిని ఎక్కించారు. ఫోటోలో డెక్కుల మీద ఆవాలు పోసినట్టు తలలే. దగ్గరికెళ్ళి చూస్తే ఒక్కో ఆవగింజా ఎవరింటికో వెళుతున్న కుర్రాడు.

ఇలా ఓడ ఇల్లు చేరే ఫోటోలు మనకీ ఉన్నాయి. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో మన నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్ 1961 నవంబర్ 3న బొంబాయి వస్తే బల్లార్డ్ పియర్ రేవు దగ్గర నెహ్రూ స్వయంగా ఎదురెళ్ళారు. తిరిగి రావడం అనకూడదేమో, కొత్త కోడలు గడప దాటినట్టు. చిట్టి అడిగిన తారిణి ఫోటో నాకూ ఇష్టమే. పట్టుమని పదిహేడు మీటర్ల తెరచాప పడవలో మన నౌకాదళం ఆడపిల్లలు ఆరుగురు 2017 సెప్టెంబర్ 10న గోవాలో బయల్దేరి భూమి చుట్టి 2018 మే 21న మళ్ళీ గోవాకే వచ్చారు. అందులో విశాఖ పిల్ల స్వాతి, హైదరాబాద్ పిల్ల ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారని మీ బామ్మ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది, తన మేనకోడళ్ళయినట్టు.

ఇక్కడే అసలు తిరకాసు. ఈ అచ్చులో తెల్లరంగు ఉండదు. బొమ్మలో తెలుపు అంటే అక్కడ రంగు పడలేదని, కింద ఉన్న రేకే కనపడుతుందని. తెల్ల పూత లేని వెండిరంగు రేకు మీద తారిణి వేయిస్తే తెరచాపలూ నావికుల తెల్ల యూనిఫాంలూ స్టీలు గిన్నెల్లా మెరుస్తాయి. తారిణికి తెల్ల పూత రేకే తీసుకోండి. పాత నలుపు తెలుపు ఫోటోకైతే వెండి రేకు భలే ఉంటుంది, మా క్వీన్ మేరీ అదే.

ఇంకోటి, ఇందులో నేను మొండివాణ్ణి. షాపువాళ్ళు ఫైలు చిన్నదైతే "సాఫ్ట్‌వేర్‌తో మొహాలు క్లియర్ చేస్తాం సార్" అంటారు. వద్దనండి. అది లేని కళ్ళూ ముక్కులూ అల్లి పెడుతుంది. ఇల్లు చేరుతున్న మనిషి మొహం బదులు ఎవరిదో మొహం గోడకెక్కుతుంది. మసగ్గా ఉన్నా పర్లేదు, అతనిదే ఉండనివ్వండి. 24 అంగుళాలకి 16 అంగుళాల ప్రింట్‌కి, అంగుళానికి 200 చుక్కల లెక్కన, 4800కి 3200 పిక్సెళ్ళు కావాలి. అంత లేకపోతే సైజు తగ్గించుకోండి.

బాల్కనీ ఎండ తిన్నగా పడే గోడకి పెట్టొద్దు, రంగు వెలుస్తుంది. అల్యూమినియం తుప్పు పట్టదు గానీ మేకు తుప్పు పడుతుంది, మా ఓడ వెనకాల గోడ మీద కారిన గోధుమరంగు చార మీరు చూసే ఉంటారు. స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూ అడగండి.

ఫైలు ముందు నాకు పంపండి. వాట్సాప్‌లో ఫోటోగా కాదు, డాక్యుమెంట్‌గా, లేకపోతే సగం పిక్సెళ్ళు దారిలోనే ఊడిపోతాయి.

మీ తాతయ్య
తిరువాన్మియూర్