ట్యాగ్‌పై రాసిన టన్నులు: లోడు ఎత్తే పనిలో అపోహలు – వాస్తవాలు

రిగ్గింగ్ (బరువులను కట్టి క్రేన్‌తో ఎత్తే పని) శిక్షణలో స్లింగ్ (లోడును హుక్‌కు తగిలించే తాడు, గొలుసు లేదా బెల్టు) చూపించి, ఇది ఎంత మోస్తుందని అడుగుతాను. అందరూ సామర్థ్యం రాసి ఉన్న ట్యాగ్ చదివి అంకె చెబుతారు. “ఎలా కడితే?” అని తిరిగి అడిగేవారు అరుదు. కింది అపోహల్లో చాలావరకు పుట్టేది అక్కడే.

అపోహ: ఒక్కో టన్ను మోసే రెండు స్లింగులుంటే రెండు టన్నులు ఎత్తవచ్చు.

రెండూ నిట్టనిలువుగా వేలాడితేనే ఆ లెక్క సరి. ఒకే హుక్‌కు తగిలించి చెరోవైపు చాపితే, బరువు మోయడంతో పాటు అవి ఒకదాన్నొకటి పక్కకు లాగుతుంటాయి. రెండు టన్నుల లోడుకు, స్లింగు అడ్డంగా ఉన్న గీతతో 60 డిగ్రీల కోణం చేస్తే ఒక్కోదానిపై దాదాపు 1.15 టన్నుల లాగుడు పడుతుంది. 45 డిగ్రీలైతే 1.41. 30 డిగ్రీలకు దిగితే ఒక్కోదానిపైనా మొత్తం 2 టన్నులు! రెండో స్లింగు వేసిన ఫలితం ఏమీ మిగలదు.

కోణం కొలిచే పరికరం లేదంటారా? టేపు చాలు. లోడుకు తగిలించిన రెండు చోట్ల మధ్య దూరం, ఒక్కో స్లింగు పొడవు సమానమైతే కోణం 60 డిగ్రీలే. స్లింగు అంతకంటే పొట్టిదైతే కోణం పడిపోతుంది. పొడవైన స్లింగు తెచ్చుకోండి, లేదా స్ప్రెడర్ బీమ్ (స్లింగులను ఎడంగా ఉంచే అడ్డ దూలం) వాడండి.

అపోహ: నాలుగు కాళ్ల స్లింగులో నాలుగూ సమానంగా మోస్తాయి.

లోడు వంగనిదైతే, కాళ్ల పొడవులో కొద్దిపాటి తేడా ఉన్నా ఎదురెదురు మూలల్లోని రెండే బరువంతా మోయాల్సి రావచ్చు. మిగతా రెండూ లోడు ఒరగకుండా ఆపుతాయి, అంతే. లెక్క రెండు కాళ్లకే వేసుకోవడం క్షేమం.

అపోహ: స్లింగులో ఐదు రెట్ల బలం ఉంటుంది, కాస్త ఎక్కువైనా ఫరవాలేదు.

ఈ మాట కొత్తవారు అనరు, పాతకాపులే అంటారు. అందుకే నాకు కోపం. వైర్ రోప్ స్లింగులకు సాధారణంగా 5 రెట్లు, గొలుసు స్లింగులకు 4 రెట్లు భద్రతా గుణకం (తెగే బరువు, ట్యాగ్‌పై రాసిన బరువుకు ఎన్ని రెట్లో చెప్పే అంకె) ఉంటుంది, నిజమే. ఆ మిగులు అరుగుదలకు, కంటికి కనిపించని లోపాలకు, కుదుపులకు కేటాయించినది. సడలుగా ఉన్న స్లింగుపై బరువు ఒక్కసారిగా పడితే ఆ క్షణంలో లాగుడు రెట్టింపు కావచ్చు, అంతకు మించనూ వచ్చు. మిగులును ముందే వాడేసుకుంటే కుదుపుకు ఏం మిగులుతుంది?

అపోహ: ట్యాగ్ ఊడినా బెల్టు రంగు చూసి వాడవచ్చు.

ఐరోపా ప్రమాణంలో ఊదా రంగు 1 టన్నుకు, ఆకుపచ్చ 2 టన్నులకు, పసుపు 3 టన్నులకు గుర్తు. తయారీదారులందరూ దాన్నే పాటించరు. పైగా బెల్టు పాలిస్టరా, నైలానా అన్నది రంగు చెప్పదు. పాలిస్టర్‌ను గాఢ క్షారాలు, నైలాన్‌ను ఆమ్లాలు దెబ్బతీస్తాయి. ట్యాగ్ లేని బెల్టును పక్కన పెట్టాలి. అంచు తెగినదీ, ముడి పడినదీ అంతే.

అపోహ: 50 టన్నుల క్రేన్ 50 టన్నులు ఎత్తుతుంది.

బూమ్‌ను, అంటే క్రేన్ చేతిని, బాగా దగ్గరగా ఉంచితేనే. లోడు దూరం జరిగేకొద్దీ సామర్థ్యం వేగంగా పడిపోతుంది. హుక్ బ్లాక్ (హుక్, దాని కప్పీలు), స్లింగులు, బీమ్ బరువులనూ లోడులో కలపాలి.

అపోహ: ఆపమని చెప్పే హక్కు సిగ్నల్‌మన్‌కే (క్రేన్ ఆపరేటర్‌కు సైగలు చేసే వ్యక్తికే) ఉంది.

మిగతా సంకేతాలు ఒక్కరే ఇవ్వాలి. ‘ఆపు’ ఎవరిచ్చినా ఆపరేటర్ ఆపాల్సిందే.

అపోహ: సర్టిఫికెట్ ఉంటే శిక్షణ పూర్తయినట్టే.

నేను పెట్టే పరీక్షలో కాగితం తక్కువ. 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, 25 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు ప్లేటు ముందుంచి బరువెంతో చెప్పమంటాను. ఉక్కు ఘనమీటరుకు 7,850 కిలోలు కాబట్టి సుమారు 393 కిలోలు రావాలి. తర్వాత స్లింగులు ఎంచుకుని, పదునైన అంచుల దగ్గర రక్షణ పెట్టి, ప్లేటును నేల నుంచి కొద్దిగా లేపి ఆపాలి. ఒరిగితే దించి మళ్లీ కట్టాలి. ఒరిగిన ప్లేటును చేత్తో సరిచేయబోయినవారిని మరుసటి బ్యాచ్‌లో మళ్లీ కూర్చోబెడతాను.