టీనేజ్ సిరీస్‌లు: ఫోన్ లాక్కునే ముందు తెలుసుకోవాల్సినవి

ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో నా కౌన్సెలింగ్ గదికి తల్లిదండ్రులు పిల్లల ఫోన్ పట్టుకుని మరీ వస్తారు. "ఈ సిరీస్‌లు చూసే మావాడు ఇలా తయారయ్యాడు మేడం" అంటారు కొందరు. "కథ చూసి ఎవరైనా ప్రాణం తీసుకుంటారా?" అని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. రెండు మాటలూ విని విని ఇది రాస్తున్నాను.

అపోహ: పిల్లల్ని పాడుచేసేది సిరీస్‌లే.

2017 మార్చి 31న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'థర్టీన్ రీజన్స్ వై' సంగతే తీసుకోండి. ఆత్మహత్య చేసుకున్న అమ్మాయి ముందే రికార్డు చేసిన క్యాసెట్లలో మాట్లాడుతుంది, బాధపెట్టినవాళ్లు విని కుమిలిపోతారు. పోయాకైనా నా మాట వింటారు అన్న ఆశ చూపించే కథ అది. దానితో నా పేచీ అక్కడే. చావు దృశ్యాన్ని కూడా వివరంగా చూపించారు. విమర్శల తర్వాత 2019 జులైలో దాన్ని తీసేశారు.

సిరీస్ వచ్చిన మరుసటి నెల అమెరికాలో 10-17 ఏళ్లవారి ఆత్మహత్యల రేటు 28.9 శాతం పెరిగిందని 2019లో ఒక అధ్యయనం చెప్పింది. వాట్సాప్‌లో అక్కడితో ఆపేస్తారు. పెరుగుదల స్పష్టంగా కనిపించింది మగపిల్లల్లోనే. అవే లెక్కల్ని మళ్లీ చూసిన మరో పరిశోధకుడు, అది సిరీస్ రాకముందే మార్చిలో మొదలైందన్నారు. కాబట్టి సిరీసే చంపిందని తేల్చలేం. కానీ అప్పటికే కుంగిపోయి ఉన్న పిల్లలు అలాంటివి ఒంటరిగా చూడకూడదనే చెబుతాను.

అపోహ: చావు గురించి అడిగితే, లేని ఆలోచన మనమే పుట్టించినట్టు.

ప్రాణాల మీదకి తెచ్చేది ఇదే. ఒక తల్లి, కూతురు ఒకే ఎపిసోడ్ పదేపదే చూస్తోందని కనిపెట్టింది. ఫోన్ లాక్కుంది, వైఫై తీయించేసింది, రాత్రిళ్లు పిన్నిని తోడు పడుకోబెట్టింది. ఆ ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు. "ఆ మాట నా నోట్లోంచి ఎలా వస్తుంది మేడం? తథాస్తు దేవతలుంటారు" అంది. ఆ భయం నాకు తెలుసు, మా అమ్మా ఇంట్లో అశుభం పలకనిచ్చేది కాదు. అమ్మాయితో విడిగా కూర్చుని అడిగాను: "చచ్చిపోవాలనిపిస్తోందామ్మా?" సంక్రాంతి సెలవుల నుంచీ అనిపిస్తోందట. ఫోన్ లాక్కున్న రోజు అమ్మకి విషయం తెలిసిపోయిందనుకుందట. అయినా అమ్మ ఏమీ అడగకపోయేసరికి, తనేమైపోయినా ఎవరికీ పట్టదని అనుకుందట.

న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరు హైస్కూళ్లలో 2,300 మందికి పైగా విద్యార్థులతో చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. కొందరిని ఆత్మహత్య ఆలోచనల గురించి నేరుగా అడిగారు, కొందరిని అడగలేదు. ఆ ప్రశ్న ఎదుర్కొన్నవాళ్లలో ఆ ఆలోచనలు పెరగలేదు. అప్పటికే డిప్రెషన్‌లో ఉన్న పిల్లల్లో బాధ కాస్త తగ్గింది కూడా. దయచేసి అడగండి. చుట్టూ తిప్పకుండా, ఆ మాట వాడే అడగండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. "చచ్చిపోతానని బెదిరించేవాళ్లు చావరు" అనేది అబద్ధం. 18 ప్లస్ అని ఉంటే పిల్లలు చూడరనుకోవద్దు, అవే సీన్లు రీల్స్‌లో ముక్కలుగా వస్తాయి. సిగరెట్ విషయంలో మాత్రం తల్లిదండ్రుల అనుమానం నిజమే: తెరమీద పొగతాగడం చూసి టీనేజర్లు సిగరెట్ మొదలుపెడతారని అమెరికా సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వ ప్రజారోగ్య అధికారి) నివేదిక 2012లోనే తేల్చింది.

మీరు అడిగినప్పుడు పిల్లలు "అవును" అంటే తిట్టొద్దు, ఒట్లు వేయించుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో ఉన్న మందులు, పురుగుమందులు తాళం వేసి పెట్టండి. వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లలే కాదు, టెన్షన్‌తో నిద్రపట్టని అమ్మానాన్నలూ చేయొచ్చు.