ఇరవై నాలుగో క్లబ్ ఏమైంది?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో లీగ్ వన్ అనే పేరు చూసి అదే మొదటి డివిజన్ అనుకోకూడదు. అది మూడో అంచె. అన్నింటికీ పైన 20 క్లబ్బుల ప్రీమియర్ లీగ్ ఉంటుంది. దాని కింద ఛాంపియన్‌షిప్, ఆ కింద లీగ్ వన్, చివర్న లీగ్ టూ. ఈ కింది మూడింటిలో ఒక్కోదానిలో 24 క్లబ్బులు ఆడాలి. సీజన్ చివర పైన నిలిచినవాళ్లు పై అంచెకు ఎక్కుతారు, అడుగున ఉన్నవాళ్లు కింది అంచెకు దిగుతారు. కానీ 2019-20 సీజన్ లీగ్ వన్ పట్టికలో 23 పేర్లే కనిపిస్తాయి. ఇరవై నాలుగో పేరు బరీ. ఆ సీజన్‌లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడకుండానే దాన్ని లీగ్ నుంచి బహిష్కరించారు.

మాంచెస్టర్‌కు ఉత్తరాన ఉన్న పాత మిల్లుల ఊరు బరీ. క్లబ్ 1885లో పుట్టింది, 1894లో లీగ్‌లో చేరింది. అన్ని అంచెల క్లబ్బులూ తలపడే నాకౌట్ పోటీ ఎఫ్‌ఏ కప్‌ను 1900లో ఒకసారి, 1903లో ఒకసారి గెలిచింది. ఆ రెండో ఫైనల్‌లో డెర్బీ కౌంటీని 6-0తో ఓడించింది. ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో అంత తేడాతో గెలిచిన జట్టు వందేళ్లకు పైగా మరొకటి లేదు. 2019 మే నెలలో మాంచెస్టర్ సిటీ వాట్‌ఫర్డ్‌ను అదే స్కోరుతో ఓడించి ఆ రికార్డును సమం చేసింది. ఆ వారం పేపర్లలో బరీ పేరు వచ్చింది. మూడు నెలలు తిరిగేసరికి పేరు మళ్లీ పేపర్లకెక్కింది, ఈసారి చావు వార్తగా.

ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది చివరి యజమాని దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. ఆయన బాధ్యత తక్కువేమీ కాదు. అయితే ఒక్క మనిషి చేతిలో 134 ఏళ్ల క్లబ్ కూలిపోయే పరిస్థితి ఎలా వచ్చిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

1888లో లీగ్ మొదలైనప్పుడు ఉన్నవి 12 క్లబ్బులు. ఆరు లాంకషైర్‌వి, ఆరు మధ్య ఇంగ్లండ్‌వి. అప్పటి పెద్దలు కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నారు. టికెట్ల డబ్బులో మైదానానికి వచ్చిన అతిథి జట్టుకూ వాటా ఉండేది. ఇంగ్లండ్‌లో ఆటను నడిపే ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఎఫ్‌ఏ) నిబంధనల్లో 34వది ఇంకా గట్టిది. క్లబ్ వాటాదారులు తీసుకునే డివిడెండ్‌కు పరిమితి ఉండాలి. డైరెక్టర్లు జీతం తీసుకోకూడదు. క్లబ్ మూతపడితే మిగిలిన ఆస్తి సొంత జేబుల్లోకి పోకూడదు. ఊళ్లోని షాపు ఓనరో మిల్లు యజమానో క్లబ్‌లో డబ్బు పెడితే అది గౌరవం కోసమే, లాభం కోసం కాదు. క్లబ్‌ను ఊరి సొత్తుగా చూసిన ఆలోచన అది.

ఆ రెండు కట్టుబాట్లూ 1983లోనే సడలిపోయాయి. సొంత మైదానంలో ఆడే లీగ్ మ్యాచ్‌కు వచ్చే టికెట్ డబ్బంతా ఆ క్లబ్‌దే అని ఆ ఏడు తేల్చారు. అదే ఏడు టాటెన్‌హామ్ హాట్‌స్పర్ పైన ఒక హోల్డింగ్ కంపెనీ పెట్టి, దాన్ని స్టాక్ మార్కెట్‌లోకి తెచ్చింది. 34వ నిబంధన క్లబ్‌కు వర్తిస్తుంది గానీ పైనున్న కంపెనీకి కాదు కదా అన్నారు. అసోసియేషన్ అడ్డు చెప్పలేదు. ఒక్కోటిగా మిగతా పెద్ద క్లబ్బులూ ఆ దారి పట్టాయి. నా దృష్టిలో బరీ కథకు అసలు మొదలు ఇదే. ఆ తర్వాత నుంచి క్లబ్ కొనుక్కుని అమ్ముకునే ఆస్తిగా మారింది.

1992లో పై డివిజన్ క్లబ్బులు లీగ్ నుంచి విడిపోయి ప్రీమియర్ లీగ్ పెట్టుకున్నాయి. టీవీ డబ్బులో సింహభాగం వాటితోనే పోయింది. మిగిలిన క్లబ్బులు సొంతంగా టీవీ ఒప్పందాలు వెతుక్కోవాల్సి వచ్చింది. అలా కుదిరినదే ఐటీవీ డిజిటల్‌తో 31.5 కోట్ల పౌండ్ల ఒప్పందం. 2002లో ఆ సంస్థ చతికిలపడింది. ఇంకా చేతికి రాని డబ్బును లెక్కలో వేసుకుని ఆటగాళ్లకు జీతాలు రాసేసిన క్లబ్బులు అప్పుల్లో కూరుకుపోయాయి. 2002-03లో లెస్టర్ సిటీ దివాలా రక్షణ కిందకు, అంటే అప్పులవాళ్లు మీద పడకుండా చట్టం పట్టే గొడుగు కిందకు వెళ్లింది. చాలా అప్పులు మాఫీ చేయించుకుని, అదే సీజన్‌లో ప్రీమియర్ లీగ్‌కు ఎక్కింది. మిగతా క్లబ్బులు మండిపడ్డాయి. అప్పటి నుంచి దివాలాకు వెళ్లే క్లబ్‌కు పాయింట్లలో కోత పెడుతున్నారు. మొదట 10 పాయింట్లు, తర్వాత 12.

ఆ శిక్ష పడేది ఎవరి మీదో చూడండి. అప్పు చేసిన యజమాని అప్పటికి వెళ్లిపోయి ఉండొచ్చు. కోత భారం మోసేది మిగిలిన ఆటగాళ్లు, టికెట్ కొన్న అభిమానులు. ఇంకో నిబంధన కూడా చెప్పాలి. క్లబ్ దివాలా తీస్తే ఆటగాళ్లకూ ఇతర క్లబ్బులకూ ఉన్న బాకీ పూర్తిగా తీర్చాలి, లేకపోతే లీగ్‌లో చోటు ఉండదు. మైదానానికి రొట్టెలు తెచ్చిచ్చేవాడికీ, బట్టలుతికేవాడికీ, ప్రథమ చికిత్సకు వచ్చేవాళ్లకూ దక్కేది మాత్రం రూపాయికి పైసల్లెక్కన. ఊరి సొత్తు అని చెప్పుకునే క్లబ్ ఊరివాళ్లకే ఎగ్గొడుతుంది. అదంతా చట్టం ఒప్పుకున్న పద్ధతిలోనే జరుగుతుంది.

అప్పట్లో జీతాల మీద అదుపు లేదా అంటే, కాగితం మీద ఉండేది. లీగ్ వన్‌లో ఆటగాళ్ల జీతాలు రాబడిలో 60 శాతం, లీగ్ టూలో 50 శాతం దాటకూడదన్నారు. అయితే యజమాని తిరిగి అడగకుండా ఇచ్చే డబ్బును కూడా పూర్తిగా రాబడిగానే లెక్కేసేవారు. అంటే యజమాని జేబు నిండుగా ఉన్నంత కాలం ఎంతైనా ఖర్చు పెట్టొచ్చు. ఆ జేబు ఒక్కసారి ఖాళీ అయితే మూడేళ్ల జీతం కాంట్రాక్టులు క్లబ్ నెత్తిన మిగులుతాయి.

బరీలో అచ్చంగా అదే జరిగింది. 2013లో క్లబ్ స్టువర్ట్ డే అనే రియల్ ఎస్టేట్ వ్యాపారి చేతికొచ్చింది. క్లబ్ స్థాయికి మించి జీతాలు ఇచ్చారు. 2015లో జట్టు లీగ్ వన్‌కు ఎక్కింది. ఆ ఖర్చుకు డబ్బు కావాలి కాబట్టి క్లబ్ సొంత మైదానం గిగ్ లేన్‌ను తాకట్టు పెట్టారు. స్టేడియం కార్ పార్కింగ్ స్థలాలను కూడా విడివిడిగా పెట్టుబడిదారులకు అమ్మారు. 2017-18లో జట్టు లీగ్ వన్ అట్టడుగున నిలిచి కిందికి పడిపోయింది.

అదే 2017-18లో బరీతో పాటు లీగ్ వన్‌లో ఆడిన పొరుగు లాంకషైర్ క్లబ్ బ్లాక్‌బర్న్ రోవర్స్‌కు మన తెలుగువాళ్లతో సంబంధం ఉంది. 2010లో ఆ క్లబ్‌ను కొన్న వెంకీస్ సంస్థ పుణేలో ఉన్నా, దాన్ని నిలబెట్టిన బండా వాసుదేవరావు తెలుగువారు. వాళ్ల చేతికొచ్చాక బ్లాక్‌బర్న్ 2012లో ప్రీమియర్ లీగ్ నుంచి, 2017లో ఛాంపియన్‌షిప్ నుంచి కిందికి పడింది. అభిమానులు యజమానుల మీద కోపంతో ఏళ్ల తరబడి నిరసనలు చేశారు. ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ యజమానులు డబ్బు పంపడం మానలేదు. బ్లాక్‌బర్న్ ఆ సీజన్‌లో 96 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచి వెంటనే పైకి ఎక్కింది. బరీకి అటువంటి జేబు లేకుండా పోయింది. రెండు క్లబ్బుల భవిష్యత్తూ ఆటగాళ్ల కాళ్లలో కన్నా యజమానుల బ్యాంకు ఖాతాల్లోనే ఎక్కువ ఉందన్నది అప్పుడే తెలిసిపోయింది.

2018 డిసెంబర్‌లో డే తన క్లబ్‌ను స్టీవ్ డేల్ అనే వ్యాపారికి ఒక్క పౌండుకు ఇచ్చేశారు. క్లబ్‌ను నడిపేంత డబ్బు ఉందనీ, అది ఎక్కడి నుంచి వస్తుందనీ లీగ్‌కు ఆధారాలు చూపకముందే క్లబ్ చేతులు మారిపోయింది. కొనేవారిని పరీక్షించే నిబంధన 2004 నుంచే ఉంది. కానీ అప్పట్లో అది అడిగేది ఒకటే: ఈ మనిషిని అనర్హుడిగా చేసే నేరమో దివాలానో ఉందా? జీతాలు ఇవ్వగలడా అన్నది దాని ప్రశ్న కాదు.

జీతాలు నెలల తరబడి ఆగిపోయాయి. అయినా ఆ జట్టు ఆడిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. ర్యాన్ లో అనే కోచ్ నడిపిన ఆ కుర్రాళ్లు దాడి చేయడమే తెలిసినట్టు ఆడారు. 2019 ఏప్రిల్ 30న ట్రాన్‌మియర్ మైదానంలో 1-1 డ్రా చేసి లీగ్ వన్‌లో చోటు ఖాయం చేసుకున్నారు. గెలిచినవాళ్లకు ఇవ్వడానికి క్లబ్ దగ్గర డబ్బు లేదు. వేసవిలో కోచ్ ప్లిమత్‌కు వెళ్లిపోయారు, ఆటగాళ్లూ చెల్లాచెదురయ్యారు. జూలైలో అప్పులవాళ్లతో రాజీ కుదిరింది. తాకట్టు లేకుండా అప్పిచ్చినవాళ్లకు బాకీలో పావు వంతు ఇస్తామన్నారు. అందుకు శిక్షగా కొత్త సీజన్ మొదలవకముందే 12 పాయింట్లు కోత పడింది. డబ్బు ఉందని లీగ్‌కు చూపలేకపోవడంతో ఆగస్టు మ్యాచ్‌లు ఒక్కోటీ వాయిదా పడుతూ పోయాయి.

ఆగస్టు 27 చివరి గడువు. ఆ ఉదయం ఊళ్లోవాళ్లు చీపుర్లు, రంగు డబ్బాలు పట్టుకుని గిగ్ లేన్‌కు వచ్చారు. క్లబ్ కొనడానికి ఒక సంస్థ ముందుకొచ్చిందని విని, వచ్చే శనివారం మ్యాచ్ ఉంటుందన్న ఆశతో కుర్చీలు కడిగారు, గడ్డి పీకారు. మధ్యాహ్నం ఆ సంస్థ తప్పుకుంది. సాయంత్రం 5 గంటలకు గడువు ముగిసింది. రాత్రి బహిష్కరణ ప్రకటన వెలువడింది. 1992లో మెయిడ్‌స్టోన్ యునైటెడ్ లీగ్ నుంచి తప్పుకున్నాక ఒక క్లబ్ ఇలా పోవడం అదే మొదటిసారి.

ఆ రాత్రే పొరుగునున్న బోల్టన్ వాండరర్స్‌కు 14 రోజుల గడువు ఇచ్చారు. దివాలా రక్షణలో ఉన్న ఆ క్లబ్ అప్పటికే కుర్రాళ్లను బరిలోకి దింపి 5-0 ఓటములు తింటోంది. మర్నాడే కొనేవాళ్లు సంతకం పెట్టారు. ఒకటి బతికింది, ఒకటి పోయింది. రెండింటి మధ్య తేడా ఒక్క రోజు.

అలా లీగ్ వన్ 23 క్లబ్బులతో సాగింది. సంఖ్య బేసి కావడంతో ప్రతి విడతలో ఒక జట్టు ఖాళీగా కూర్చోవాల్సి వచ్చింది. మార్చిలో కోవిడ్ వచ్చి ఆట ఆగినప్పుడు ఒకరు 34 మ్యాచ్‌లు, ఒకరు 35, ఒకరు 36 ఆడి ఉన్నారు. జూన్ 9న క్లబ్బులు ఓటేసి, మిగిలిన మ్యాచ్‌లు ఆడకుండా, ఒక్కో మ్యాచ్‌కు సగటున వచ్చిన పాయింట్లతో స్థానాలు తేల్చేశాయి.

ఆ లెక్కతో కొందరి తలరాతే మారిపోయింది. 34 మ్యాచ్‌లలో 59 పాయింట్లున్న వైకంబ్ వాండరర్స్ ఎనిమిదో స్థానం నుంచి మూడుకు ఎగబాకింది. 35 మ్యాచ్‌లలో అదే 59 ఉన్న పీటర్‌బరో ఆరో స్థానం నుంచి ఏడుకు జారి ప్లేఆఫ్ పోగొట్టుకుంది. పైకెక్కే చివరి చోటు కోసం మూడు నుంచి ఆరో స్థానం దాకా ఉన్న జట్లు ఆడే పోటీ అది. జూలై 13న, ఒక్క ప్రేక్షకుడు లేని వెంబ్లీలో వైకంబ్ ఆక్స్‌ఫర్డ్‌ను 2-1తో ఓడించి చరిత్రలో తొలిసారి రెండో అంచెకు చేరింది.

పట్టిక అడుగు భాగంలో ట్రాన్‌మియర్ ఉంది. ఏడాది కిందట బరీ సంబరం చేసుకున్నది వాళ్ల మైదానంలోనే. ఆ తర్వాత ప్లేఆఫ్ గెలిచి తామూ పైకొచ్చారు. ఆట ఆగేసరికి 34 మ్యాచ్‌లలో 32 పాయింట్లు. పైనున్న ఏఎఫ్‌సీ వింబుల్డన్‌కు 35 మ్యాచ్‌లలో 35. ఒక మ్యాచ్ చేతిలో ఉంది, తేడా మూడే పాయింట్లు. వరుసగా గెలుస్తూ వస్తున్న జట్టును 0.94 అనే సగటు కిందికి తోసేసింది. బరీ ఖాళీ వల్ల ఆ ఏడు నలుగురికి బదులు ముగ్గురే దిగాలి. సౌథెండ్, బోల్టన్‌లతో పాటు ఆ మూడో పేరు ట్రాన్‌మియర్‌దైంది. దిగాల్సినవాళ్లు ఒకరు తగ్గినా వాళ్లకు ఊరట దక్కలేదు.

ఆ సీజన్‌లోనే లీగ్ టూలో మాక్లెస్‌ఫీల్డ్ జీతాలు ఇవ్వలేక కోత మీద కోత తిని కిందికి దిగింది. 2020 సెప్టెంబర్‌లో కోర్టు దాన్ని మూసేసింది. లీగ్ జీతాలకు గరిష్ఠ పరిమితి తెచ్చింది: లీగ్ వన్‌కు ఏటా 25 లక్షల పౌండ్లు, లీగ్ టూకు 15 లక్షలు. ఆటగాళ్ల సంఘం ఫిర్యాదు నెగ్గడంతో 2021 ఫిబ్రవరికల్లా అదీ రద్దయింది. లీగ్ తనను తాను సరిచేసుకోలేదని అప్పటికి చాలామందికి అర్థమైంది. మాజీ క్రీడల మంత్రి ట్రేసీ క్రౌచ్ నడిపిన సమీక్ష 2021 నవంబర్‌లో స్వతంత్ర నియంత్రణ సంస్థ కావాలంది. 2025 జూలైలో అది చట్టమైంది. పై ఐదు అంచెల క్లబ్బులకు ఇక లైసెన్సు తప్పనిసరి. కొనేవారి దగ్గర డబ్బు ఉందా అని కూడా అడుగుతారు. అనుమతి లేకుండా మైదానం అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి వీల్లేదు. ఈ చివరి నిబంధన చదివినప్పుడు నాకు గిగ్ లేన్ కార్ పార్కింగే గుర్తొచ్చింది.

బరీ అభిమానులు రెండుగా చీలారు. కొందరు బరీ ఏఎఫ్‌సీ పేరుతో కొత్త క్లబ్ పెట్టుకుని పక్క ఊరి మైదానంలో ఆడారు. మిగతావాళ్లు పాత పేరునూ మైదానాన్నీ కాపాడాలని పట్టుబట్టి, ప్రభుత్వ సాయం పది లక్షల పౌండ్లతో కలిపి 2022లో గిగ్ లేన్‌ను కొన్నారు. ఇద్దరూ కలవాలని 2022లో పెట్టిన ఓటు వీగిపోయింది. ఊళ్లో స్నేహితుల మధ్య మాటలు ఆగిపోయిన రోజులవి. 2023లో రెండోసారి ఓటు పెడితే నెగ్గింది. ఆ ఏడాదే గిగ్ లేన్‌లో మళ్లీ ఆట మొదలైంది, తొమ్మిదో అంచెలో. వేలమంది వచ్చారు. 2025 వసంతంలో బరీ ఆ లీగ్ గెలిచి ఎనిమిదో అంచెకు ఎక్కింది. అక్కడి నుంచి లీగ్ వన్‌కు ఇంకా ఐదు మెట్లు.