స్విచ్ చేతే ఐపీ అడ్రస్‌లు ఇప్పించడం

చిరంజీవులకు ఆశీస్సులు.

ల్యాబులో ముప్పై కంప్యూటర్లుంటే, ఒక్కోదాని ముందు కూర్చుని ఐపీ అడ్రస్ కొట్టనక్కర్లేదు. ఆ పని డీహెచ్‌సీపీ చూసుకుంటుంది. కంప్యూటర్ ఆన్ కాగానే అడ్రస్ కావాలని నెట్‌వర్క్ అంతటికీ వినిపించేలా అడుగుతుంది. అడ్రస్‌లు పంచే సర్వర్ ఒక అడ్రస్ చూపిస్తుంది, కంప్యూటర్ అదే ఇమ్మంటుంది, సర్వర్ ఖాయం చేస్తుంది.

సిస్కో క్యాటలిస్ట్ స్విచ్‌లో ఈ సర్వర్ ఉంటుంది. వీల్యాన్ 10 తీసుకుందాం. వీల్యాన్ అంటే స్విచ్‌లోనే విడిగా కట్టిన చిన్న నెట్‌వర్క్. ముందు 'ఇంటర్‌ఫేస్ వీల్యాన్ 10'లో స్విచ్‌కే 192.168.10.1 అడ్రస్ పెట్టి 'నో షట్‌డౌన్' కొట్టండి. అడిగిన మాట ఏ ఇంటర్‌ఫేస్‌లోకి వచ్చిందో దాని అడ్రస్ చూసే స్విచ్ పూల్‌ను, అంటే పంచాల్సిన అడ్రస్‌ల గుంపును, ఎంచుకుంటుంది. అక్కడ అడ్రస్ లేకపోతే మీరు రాసిన పూల్ ఊరికే పడి ఉంటుంది.

తర్వాత, పూల్ కంటే ముందే, 'ఐపీ డీహెచ్‌సీపీ ఎక్స్‌క్లూడెడ్-అడ్రస్ 192.168.10.1 192.168.10.20'. గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి), ప్రింటర్ లాంటి వాటికి ఈ ఇరవై, వీటిని స్విచ్ పంచదు. ఈ వరస మాత్రం తప్పకండి నాయనా. అడ్రస్ ఇచ్చే ముందు స్విచ్ దాన్ని పింగ్ చేసి, అంటే ఎవరైనా పలుకుతారా అని పిలిచి, చూస్తుంది, నిజమే. కానీ ఆపేసి ఉన్న ప్రింటర్ జవాబివ్వదు కదా! దాని అడ్రస్ వేరొకరికి పోతుంది. తెల్లారి ప్రింటర్ ఆన్ చేస్తే ఇద్దరికీ ఒకటే అడ్రస్.

ఇక పూల్: 'నెట్‌వర్క్ 192.168.10.0 255.255.255.0', 'డిఫాల్ట్-రౌటర్ 192.168.10.1', 'డీఎన్ఎస్-సర్వర్ 8.8.8.8' (వెబ్‌సైట్ పేరుకు అడ్రస్ చెప్పే సర్వర్). డిఫాల్ట్-రౌటర్ మరిస్తే పక్క కంప్యూటర్ దొరుకుతుంది, ఇంటర్నెట్ దొరకదు. లీజు, అంటే ఇచ్చిన అడ్రస్ ఎంతకాలం చెల్లుతుందో, చెప్పకపోతే ఒక రోజు. బ్యాచ్‌లు మారే ల్యాబుకు 'లీజ్ 0 8', అంటే 8 గంటలు చాలు. ఎవరికి ఏది వెళ్లిందో 'షో ఐపీ డీహెచ్‌సీపీ బైండింగ్' చూపిస్తుంది.

కంప్యూటర్‌లో 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే, సర్వర్ జవాబు అందలేదని అర్థం. వెంటనే పూల్ మీద పడకండి. కేబుల్ పెట్టాక, నెట్‌వర్క్‌లో లూప్ (సందేశాలు ఆగకుండా చుట్టూ తిరగడం) పడకుండా కాపలా కాసే స్పానింగ్-ట్రీ ఆ పోర్టును దాదాపు 30 సెకన్లు ఆపి ఉంచుతుంది. ఈలోపు కంప్యూటర్ అడిగి అడిగి విసిగిపోతుంది. ఆ ఆగడం లేకుండా, కంప్యూటర్లున్న పోర్టులకు 'స్పానింగ్-ట్రీ పోర్ట్‌ఫాస్ట్' పెట్టండి. వేరే స్విచ్‌కు వెళ్లే పోర్టుకు మాత్రం వద్దు, లూప్ పడితే నెట్‌వర్క్ మొత్తం కూలుతుంది.

ఉన్నట్టుండి కొన్నిటికి 192.168.0తో మొదలయ్యే అడ్రస్‌లు వస్తే, ఎవరో ఇంటి వైఫై రౌటర్ తెచ్చి గుచ్చారేమో వెతకండి. అదీ అడ్రస్‌లు పంచుతుంది. 'ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్', దానితోపాటు 'ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్ వీల్యాన్ 10', రెండూ కొడితేనే అలాంటి జవాబులను స్విచ్ ఆపుతుంది. మీ సర్వర్ వేరే స్విచ్‌లో ఉంటే అటు వెళ్లే పోర్టుకు 'ట్రస్ట్' ఇవ్వాలి, లేకపోతే అసలు జవాబులూ ఆగిపోతాయి.

అంతా కుదిరాక 'రైట్ మెమరీ' కొట్టండి. కొట్టకపోతే కరెంటు పోయి వచ్చేసరికి ఇదంతా పోతుంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య