డయల్ తిప్పినా మారని ఫోటో

మొన్నటి వేసవిలో ఒక ఆదివారం ఉదయం పదకొండు గంటల వేళ చంద్రగిరి కోటలో రాజమహల్ ఎదుట నిలబడి మా మేనల్లుడు తన కొత్త కెమెరాతో కుస్తీ పడుతున్నాడు. మోడ్ డయల్‌ను మాన్యువల్‌కు, అంటే ‘ఎం’ అక్షరానికి తిప్పి, ఎపర్చర్ ఎఫ్ 8, షట్టర్ వేగం 1/500 పెట్టి ఒక ఫోటో తీశాడు. అది చక్కగానే వచ్చింది. షట్టర్‌ను 1/1000కు, తర్వాత 1/2000కు పెంచి మళ్ళీ తీశాడు. ఫోటో నల్లబడాలి కదా, మూడూ ఒకేలా వచ్చాయి. “ఎంత తిప్పినా మారడంలే మామా, డయల్ పోయినట్టుంది” అన్నాడు. అయితే అదే డయల్‌ను వెనక్కి తిప్పి 1/125 పెట్టగానే మహల్ గోడ మొత్తం సున్నం పూసినట్టు తెల్లగా వెలిసిపోయింది. ఒక వైపు తిప్పితే ఏమీ కాకుండా, రెండో వైపు తిప్పితే మాత్రం పని చేసే డయల్ చెడిపోయిన డయల్ కాదు. తెర మీద ఒక మూలన ఉన్న ఐఎస్ఓ అంకెను చూడమన్నాను. 1/500 దగ్గర 100, 1/1000 దగ్గర 200, 1/2000 దగ్గర 400. వాడు వెలుతురును తగ్గించినప్పుడల్లా కెమెరా తన వంతుగా అంతకంత పెంచుకుంటూ పోతోంది.

ఫోటోలోని వెలుగును నిర్ణయించేవి మూడు. లెన్స్ లోపలి కంత ఎంత పెద్దదో చెప్పేది ఎపర్చర్, ఆ కంత గుండా వచ్చిన వెలుతురు సెన్సర్ మీద ఎంతసేపు పడాలో చెప్పేది షట్టర్ వేగం (1/500 అంటే సెకనులో ఐదు వందో వంతు), పడిన వెలుతురు నుంచి పుట్టిన విద్యుత్ సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచి చూపాలో చెప్పేది ఐఎస్ఓ. ఈ మూడింటినీ ‘స్టాప్’ అనే ఒకే కొలతతో లెక్కిస్తారు. ఒక స్టాప్ అంటే రెట్టింపు, లేదా సగం. షట్టర్, ఐఎస్ఓ అంకెలు రెట్టింపు అవుతూ పోవడం సులభంగానే అర్థమవుతుంది. ఎపర్చర్ అంకెలు మాత్రం 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అని కొత్తవారికి తికమకగా కనిపిస్తాయి. లెన్స్ ఫోకల్ దూరాన్ని కంత వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె. 50 మిల్లీమీటర్ల ఫోకల్ దూరమున్న లెన్స్‌లో ఎఫ్ 2 అంటే 25 మిల్లీమీటర్ల కంత, ఎఫ్ 4 అంటే 12.5 మిల్లీమీటర్ల కంత. వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగో వంతు అవుతుంది కాబట్టి 2కూ 4కూ మధ్య ఉన్నది రెండు స్టాపులు. ఆ మధ్యలో పడే అంకే 2.8.

ఇక చంద్రగిరి లెక్క తేలిపోతుంది. ఆ ఎండకు ఎఫ్ 8, 1/500, ఐఎస్ఓ 100 సరిపోయాయి. షట్టర్‌తో వెలుతురును రెండు స్టాపులు తగ్గించి 1/2000 చేస్తే, కెమెరా తనంతట తానే మార్చుకునే ఆటో ఐఎస్ఓ రెండు స్టాపులు పెరిగి 400కు చేరింది. 1/125కు వచ్చినప్పుడు మాత్రం అది 25కు దిగవలసి ఉండగా ఆ కెమెరాలో 100కు కింద మెట్టు లేదు. దిగలేక ఆగిపోయింది, ఫోటో రెండు స్టాపులు వెలిసిపోయింది. ఐఎస్ఓను 100 దగ్గర కట్టేశాక డయల్ రెండు వైపులా పని చేసింది. నా అనుభవంలో ‘మాన్యువల్ పని చేయడం లేదు’ అని నా దగ్గరకు వచ్చిన ఫిర్యాదులలో ఎక్కువ భాగానికి మూలం ఇదే. మోడ్ పేరు మాన్యువల్ అయినంత మాత్రాన మూడు పగ్గాలూ మన చేతికి వచ్చినట్టు కాదు.

ఆ మూడు ఫోటోలు ఒకేలా ఉన్నాయన్నాను గానీ, అది దూరం నుంచి చూసిన మాట. పెద్దవి చేసి చూస్తే మూడో ఫోటోలో నీడలున్న చోట గరుకుదనం, అంటే నాయిజ్, కనిపిస్తుంది. వెలుతురు ధారలా కాక రేణువులుగా, ఫోటాన్లుగా వస్తుంది. ఆ రాక వాన చినుకుల్లా క్రమం లేనిది. ఒక పిక్సెల్‌లో సగటున పదివేల ఫోటాన్లు లెక్కకు వస్తే, ఆ లెక్కలోని ఒడిదుడుకు దాని వర్గమూలమంత, అంటే 100. నూటికి ఒక వంతు కాబట్టి కంటికి ఆనదు. అదే పిక్సెల్‌కు వంద ఫోటాన్లే చేరితే ఒడిదుడుకు 10, అంటే నూటికి పది వంతులు. ఐఎస్ఓ పెంచడం వల్ల కొత్త ఫోటాన్లు రావు. వచ్చిన కొద్దిపాటి సంకేతమూ, దానితో పాటు ఆ ఒడిదుడుకూ కలిసి పెద్దవవుతాయి.

తర్వాతి అనుమానం తెర మీద. అద్దమున్న పాత తరహా డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి ఎపర్చర్‌ను ఎఫ్ 4 నుంచి ఎఫ్ 16కు తిప్పినా లోపల ఏ మార్పూ కనబడదు. చూడడానికి వెలుతురు కావాలి కాబట్టి లెన్స్ ఫోటో తీసే క్షణం వరకు కంతను పూర్తిగా తెరిచే ఉంచి, తీసేటప్పుడు మాత్రమే మూస్తుంది. అది రోగం కాదు, స్వభావం. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలలో చిక్కు వేరు. వాటి తెర మామూలుగా మన సెట్టింగుల ఫలితాన్ని ముందే చూపిస్తుంది, కానీ స్టూడియో ఫ్లాష్ వాడేవారి కోసం ఆ ముందుచూపును ఆపివేసే ఏర్పాటు మెనూలో ఉంటుంది. ఒకసారి పొరపాటున అది ఆగిపోతే ఏం తిప్పినా తెర ఒకేలా వెలుగుతుంది, తీసిన ఫోటో మాత్రం నల్లగా వస్తుంది. దాని పేరు ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా పెట్టడం వల్ల వెతకడానికి కొంత ఓపిక కావాలి. తిరుపతి ఎండలో అయితే తెరను అసలే నమ్మకూడదు. బయట కళ్ళు జిగేలుమంటున్నప్పుడు సరైన ఫోటో కూడా నల్లగా తోస్తుంది, రాత్రి గదిలో నల్లని ఫోటో కూడా వెలుగుగా తోస్తుంది. వెలుగుల పంపకాన్ని గీతగా చూపే హిస్టోగ్రామ్‌కు ఎండా నీడా లేవు. ఆ గుట్ట కుడి గోడకు ఆనుకుని తెగిపోతే తెలుపు పోయినట్టు, ఎడమ గోడకు ఆనుకుంటే నలుపు పూడినట్టు.

మూడూ మన చేతికి వచ్చాక కూడా ఫోటో తప్పుగా వస్తే చూడవలసింది మీటర్‌ను. వ్యూఫైండర్ కింద సున్నాకు అటూ ఇటూ గీతలతో కనిపించే ఆ తూకపు ముల్లు ఎదుటి వస్తువు ఏమిటో ఎరగదు. దాని నుంచి తిరిగి వచ్చే వెలుతురును మాత్రమే కొలుస్తుంది, ఎదుటిది మధ్యస్థమైన బూడిద రంగే అని ముందుగానే అనుకుని లెక్క చెబుతుంది. ఫోటోగ్రాఫర్లు వాడే ఆ బూడిద కార్డు తన మీద పడిన వెలుతురులో నూటికి 18 వంతులను తిప్పి పంపుతుంది. సున్నం వేసిన గోపురం దాదాపు 80 వంతులు పంపుతుంది. ముల్లును సున్నా దగ్గర నిలిపితే ఆ తెల్లని గోపురం బూడిద పూసుకుని వస్తుంది. నల్లరాతి శిల్పమైతే అదే బూడిద రంగుకు తేలి వస్తుంది. గోపురానికి ముల్లును రెండు స్టాపుల దాకా ప్లస్ వైపు, నల్లరాతికి అంతే మైనస్ వైపు ఉంచితే వాటి రంగు వాటికి దక్కుతుంది. ముల్లును ప్రతిసారీ సున్నాకు తేవడమే మాన్యువల్ అనుకునేవారిని చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆటో మోడ్ అరక్షణంలో చేసే పనిని వేళ్ళు నొప్పెట్టేలా చేయడం తప్ప అందులో మన నిర్ణయం ఏముంది?

దీనికి ఊళ్ళోనే మంచి పరీక్ష ఉంది. అలిపిరి మెట్ల దారిలో ఉండే గాలిగోపురం దగ్గర రాత్రిపూట వెలిగే నామం, శంఖ చక్రాలు తిరుపతి మిద్దెల మీదికి కనిపిస్తాయి. ఫ్రేము నిండా చీకటి కొండ, నడుమ ఒక వెలుగు చుక్క. మా మిద్దె మీద కెమెరాను ట్రైపాడ్‌కు బిగించి ముల్లును సున్నాకు తెస్తే నాకు వచ్చిన షట్టర్ 4 సెకన్లు. ఫోటోలో కొండ బూడిదగా తేలింది, నామం మాత్రం గీతలు కలిసిపోయి తెల్లని ముద్దగా మారింది. 2, 1, 1/2, 1/4 అని నాలుగు స్టాపులు దించుతూ పోతే 1/4 దగ్గర మూడు నిలువు రేఖలు విడివిడిగా తేరాయి. కొండ నల్లగానే ఉండిపోయింది, రాత్రి కొండ నల్లగానే కదా ఉండాలి! సెన్సర్‌లోని ప్రతి పిక్సెల్‌కూ కుండకు ఉన్నట్టే ఒక పట్టు ఉంటుంది. నిండాక పొర్లినదాన్ని తర్వాత కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. అందువల్ల ఇలాంటి చోట చీకటి కోసం కాక వెలుగు కోసం కొలవాలి. ఫ్రేములో ఒక చిన్న చోటునే కొలిచే స్పాట్ మీటరింగ్ పెట్టి నామం మీద గురి పెట్టడం దగ్గరి దారి.

పెళ్ళిళ్ళలోనూ జాతరలలోనూ ఎదురయ్యేవి మరికొన్ని ఉన్నాయి. ఫ్లాష్ వెలిగించగానే షట్టర్ 1/200 దగ్గరో 1/250 దగ్గరో మొరాయిస్తే అది లోపం కాదు. అంతకు మించిన వేగంలో షట్టర్ తెరలు రెండూ సన్నని చీలికగా కదులుతాయే గాని సెన్సర్ మొత్తం ఒకేసారి తెరుచుకోదు, ఫ్లాష్ మెరుపు ఆ చీలిక ఉన్న చోటే పడుతుంది. కెమెరాతో పాటే వచ్చే 18–55 కిట్ లెన్స్‌తో ఎఫ్ 3.5 పెట్టి జూమ్ చేస్తే అది తనంతట తానే 5.6కు జారుకుని వెలుతురు ఐదింట రెండు వంతులకు పడిపోతుంది; మొదటే 5.6 పెట్టుకుంటే ఆ గొడవ లేదు. గంగమ్మ జాతర సీరియల్ లైట్ల కింద, కల్యాణ మండపం ఎల్ఈడీల కింద ఒకే సెట్టింగుతో తీసిన వరుస ఫోటోలు ఒకటి వెలుగుగా, ఒకటి మసకగా, ఒకటి అడ్డచారలతో వస్తే తప్పు కరెంటుది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, చాలా దీపాలు ఆ లెక్కన సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్‌ను 1/100కో 1/50కో దించితే ఒకటో రెండో పూర్తి మినుకులు ఫోటోలో పడి తేడా పోతుంది.

తలకోన జలపాతాన్ని పాలధారలా తీయాలని పోయి, ఎండలో షట్టర్ అరసెకను పెట్టి తెల్లకాగితం తెచ్చుకునేవారిది మరో కథ. నడి ఎండలో ఐఎస్ఓ 100కు ఎఫ్ 16, 1/125 అన్నది ఫిల్ము రోజుల నుంచి నడుస్తున్న లెక్క. ఎఫ్ 22 దాకా మూసినా 1/60కే చేరుతాం. అక్కడి నుంచి అరసెకనుకు ఇంకా ఐదు స్టాపులు కావాలి. అవి ఏ డయల్‌లోనూ లేవు, లెన్స్ ముందు పెట్టే నల్లద్దం లాంటి ఎన్‌డీ ఫిల్టర్‌లో ఉన్నాయి. 32 అంకె ఉన్నది సరిగ్గా ఐదు స్టాపులు తగ్గిస్తుంది. లేదంటే ధార మీద ఎండ పడని వేళ చూసుకుని వెళ్ళాలి.

ఇన్ని చూశాక కూడా తేడా నిలిచి ఉంటే అప్పుడు యంత్రాన్ని అనుమానించవచ్చు. ఎపర్చర్ అంకె ఉండవలసిన చోట 00 గాని రెండు గీతలు గాని కనిపిస్తే లెన్స్‌కూ కెమెరాకూ మధ్య మాట తెగిందని అర్థం. లెన్స్ విప్పి ఆ బంగారు రంగు చుక్కలను పొడి మెత్తని గుడ్డతో తుడిచి మళ్ళీ టక్కుమనేదాకా బిగిస్తే తరచు సరిపోతుంది. అదీ కాకపోతే నీడపట్టున ఉన్న ఒక గోడను, పగటి వెలుతురులో, ట్యూబ్‌లైటు ఆర్పి, ఐఎస్ఓను కదలనివ్వకుండా ఇలా తీయాలి: ఎఫ్ 4కు 1/500, 5.6కు 1/250, 8కి 1/125, 11కు 1/60, 16కు 1/30. అయిదింటిలోనూ సెన్సర్‌కు చేరే వెలుతురు ఒకటే కాబట్టి గోడ అయిదింటిలోనూ ఒకేలా ఉండాలి.

మేనల్లుడి కెమెరా ఈ పరీక్షలో నెగ్గింది. సరదాకు నా పాత లెన్స్‌ను దానికే తగిలించి తీస్తే ఎఫ్ 4, 5.6 ఫోటోలు సరిగా వచ్చి, 8 కొంచెం, 11 ఇంకొంచెం, 16 బాగా పాలిపోయాయి. ఎఫ్ 16 దగ్గరే షట్టర్‌ను ఒక సెకనుకు పెట్టి, లెన్స్ ముందు భాగంలోకి తొంగి చూస్తూ బటన్ నొక్కమన్నాను. రెక్కలు చటుక్కున మూసుకోవలసింది, నిద్రమత్తులో ఉన్నట్టు మెల్లగా ముడుచుకున్నాయి. వాటి అంచుల మీద సన్నని నూనె మెరుపు కనిపించింది. రోహిణి కార్తెలో కారు డిక్కీలో వదిలేసిన మధ్యాహ్నాలు ఎన్నో దానికి తెలుసు. విప్పి తుడవడానికి అయ్యే ఖర్చు లెన్స్ ధరను మించుతుందని చెప్పారు కనుక ఇప్పటికీ దాన్ని ఎఫ్ 5.6 దాటకుండానే వాడుతున్నాను.