కాలువ దాటితే రైన్ దాటినట్టే

అమెరికాలో ఒహాయో నది ఒడ్డున ఉన్న సిన్సినాటి నగరంలో రిపబ్లిక్ స్ట్రీట్ అని ఓ ఇరుకు వీధి ఉంది. ఒకప్పుడు దాని పేరు బ్రెమెన్ స్ట్రీట్. బ్రెమెన్ జర్మనీలో ఓ నగరం. 1918లో జర్మనీ మీద కోపంతో నగర పాలకులు ఆ పేరు తీసేశారు. 2001 ఏప్రిల్ 7 తెల్లవారుజామున ఆ వీధి పక్క సందులోనే తిమోతి థామస్ అనే 19 ఏళ్ల నల్లజాతి కుర్రాడిని పోలీసు కాల్చి చంపాడు. కుర్రాడి చేతిలో ఆయుధం లేదు. ఆ తర్వాత నగరం నాలుగైదు రోజులు అట్టుడికింది.

ఈ రెండు సంఘటనలకూ మధ్య 83 ఏళ్ల దూరం. రెండూ జరిగింది ఓవర్ ద రైన్ అనే పేటలోనే. స్థానికులు ముద్దుగా ఓటీఆర్ అంటారు. ఇప్పుడు అక్కడ నడుస్తున్న గొడవ ఇళ్ల గురించి. పాడుబడిన ఇటుక మేడలు బాగుపడ్డాయి, కింద కాఫీ షాపులు వచ్చాయి, అద్దెలు ఎగబాకాయి, పాతికేళ్లుగా ఉన్నవాళ్లు మూటాముల్లె సర్దుకున్నారు. పేటను బతికించామని ఒక పక్షం, మమ్మల్ని తరిమేశారని ఇంకో పక్షం. ఎవరి మాట ఎంత నిజమో తేల్చాలంటే కాలువ దగ్గర మొదలుపెట్టాలి.

ఒహాయో నదిని ఈరీ సరస్సుతో కలపడానికి మయామి-ఈరీ కాలువ తవ్వకం 1825లో మొదలైంది. ఆ కాలువ ఊరి నడిబొడ్డుకు ఉత్తరంగా మలుపు తిరిగి పోయేది. ఇవతల ఇంగ్లిష్ మాట్లాడే వ్యాపారులు, అవతల చవక నేల. 1830ల నుంచి ఓడలు దిగిన జర్మన్లు ఆ చవక నేల మీద ఇళ్లు కట్టుకున్నారు. పొద్దున్నే పనికి వంతెన దాటి ఇవతలికి రావడం, సాయంత్రం 'రైన్ నది దాటి' ఇంటికి పోవడం. ఈ మాట మొదట ఎవరన్నారో గానీ, అందులో వెక్కిరింతా ఉంది, ఊరి మీద బెంగా ఉంది. జర్మనీలోని రైన్ మహానది ముందు ఆ కాలువ ఏపాటిది! అయినా పేరు అతుక్కుపోయింది.

పేటను అడ్డంగా కోసే లిబర్టీ స్ట్రీట్ పేరులోనూ ఓ తమాషా ఉంది. 1849 దాకా నగరం హద్దు అక్కడితో సరి. ఆ గీత దాటితే నగర చట్టాలు వర్తించవు. అందుకే అవతలి భాగాన్ని నార్తర్న్ లిబర్టీస్ అనేవారు. స్వేచ్ఛ అంటే అక్కడ అర్థం, మున్సిపాలిటీ వాళ్ల బెడద లేకపోవడం.

1848లో జర్మనీలో తిరుగుబాట్లు విఫలమయ్యాయి. ఓడిపోయినవాళ్లలో చదువుకున్నవాళ్లు, రాజు లేని రాజ్యం కోరుకున్నవాళ్లు చాలామంది అమెరికా దారి పట్టారు. జర్మనీలోని బాడెన్ ప్రాంతపు తిరుగుబాటు నాయకుడు ఫ్రెడరిక్ హెకర్ అదే ఏడాది సిన్సినాటికి వచ్చాడు. ఆయన వచ్చాక ఇక్కడ టర్నర్ సంఘం పెట్టారు. అమెరికాలో ఆ రకం సంఘాల్లో ఇదే మొదటిది. టర్నర్లంటే కసరత్తు చేసేవాళ్లు. మన వ్యాయామశాలల్లాగే పొద్దున కండలు, రాత్రి రాజకీయాలు. 1861లో అంతర్యుద్ధం రాగానే ఆ టర్నర్లలోంచే 9వ ఒహాయో పటాలం లేచింది. అందులో కవాతు ఆర్డర్లు కూడా జర్మన్‌లోనే.

అంతకు ముందే ఈ కొత్తవాళ్లంటే పాతవాళ్లకు పడేది కాదు. వలస వచ్చినవాళ్లను, అందులోనూ కేథలిక్కులను, వ్యతిరేకించే రాజకీయ దళం ఒకటి ఉండేది. రహస్యాలు అడిగితే 'నాకేం తెలీదు' అనాలన్నది దాని నియమం. అందుకే జనం దాన్ని నో నథింగ్ పార్టీ అన్నారు. 1855 ఏప్రిల్ నగర ఎన్నికల్లో ఆ గుంపు జర్మన్ల వార్డుల మీద పడి బ్యాలెట్ పెట్టెలు పగలగొట్టింది. జర్మన్లు ఊరుకోలేదు. కాలువ వంతెనల దగ్గర అడ్డుకట్టలు కట్టి ఫిరంగి తెచ్చి నిలబెట్టారు. గుంపు కాలువ దాటలేకపోయింది. ఆ ఎన్నికలో వలస వ్యతిరేకుల అభ్యర్థి ఓడిపోయాడు. సిన్సినాటి పాత కథల్లో నాకు బాగా నచ్చేది ఇదే: వెక్కిరింతకు పనికొచ్చిన కాలువ మూడు రోజుల పాటు కోట కందకం అయింది.

13వ వీధిలో సెయింట్ మేరీస్ చర్చి ఉంది. 1842లో కట్టారు. దాని ఇటుకలను పేటలోని ఆడవాళ్లు తమ వంటింటి పొయ్యిల్లో కాల్చి ఇచ్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇందులో నిజమెంతైనా, పెళ్లిపందిరికి ఇంటికో గుంజ ఇచ్చినట్టు కట్టుకున్న గుడి అది. ఆదివారాల్లో అక్కడ జర్మన్‌లో పూజ జరుగుతుంది. అన్నట్టు, అదే 1842లో అమెరికా నుంచి మన గుంటూరుకు ఫాదర్ హేయర్ వచ్చారు. ఆయనా ఇలా వలసపోయిన జర్మనే. హెల్మ్‌స్టెడ్‌లో పుట్టి పద్నాలుగేళ్ల వయసులో ఫిలడెల్ఫియా చేరారు. ఆయన శాఖ వేరు, లూథరన్. గుంటూరు లూథరన్లకు జూలై 31 పండుగ రోజు కావడానికి ఆ ప్రయాణమే కారణం.

ఇక బీరు. బవేరియా నుంచి వచ్చిన క్రిస్టియన్ మోర్లైన్ 1853లో ఎల్మ్ స్ట్రీట్‌లో బీరు బట్టీ పెట్టాడు. కొన్నేళ్లకు అది రాష్ట్రంలోనే పెద్దదైంది. జాన్ హౌక్, విండిష్-ముల్‌హౌజర్ లాంటి వాళ్లు పోటీకి దిగారు. లాగర్ బీరు పులియాలంటే చల్లదనం కావాలి, నెలల తరబడి నిల్వ ఉండాలి. ఫ్రిజ్‌లు లేని రోజులు. అందుకని కొండవాలులో, వీధుల కింద, నలభై అడుగుల లోతు దాకా రాతి కమాన్లతో నేలమాళిగలు తవ్వి చలికాలపు ఐసు నింపేవారు. యంత్రాలతో ఐసు తయారీ వచ్చాక వాటితో పనిలేక మూసేశారు. ఇప్పుడు టిక్కెట్టు పెట్టి చూపిస్తున్నారు. పైన మండుటెండ, మెట్లు దిగితే వణుకు.

వైన్ స్ట్రీట్ పొడవునా సెలూన్లు. క్షవరం దుకాణాలు కావు, తాగే కొట్లు. 1890లలో ఆ ఒక్క వీధిలోనే 130కి పైగా ఉండేవి. కనబడ్డ సారా కొట్టునల్లా గొడ్డలితో పగలగొట్టే కారీ నేషన్ 1901లో ఈ వీధికి వచ్చింది. ఒక్క అద్దమూ పగలలేదు. ఎందుకని అడిగితే, ఒక బ్లాకు దాటే లోపే అలసి పడిపోయేదాన్ని అందట.

జర్మన్లకు తాగుడెంతో పాటా అంతే. ఊరూరి గాయక బృందాలు కలిసే జాతరలను జాంగర్‌ఫెస్ట్ అంటారు. 1870లో అలాంటి జాతర కోసం ఎల్మ్ స్ట్రీట్‌లో రేకుల కప్పుతో చెక్క హాలు వేశారు. 1875 సంగీతోత్సవంలో పాట మంచి రసపట్టులో ఉండగా గాలివాన వచ్చింది. రేకుల మీద వాన చప్పుడుకు పాట వినబడక కచేరీ ఆపేశారు. ఆ సభలో రూబెన్ స్ప్రింగర్ అనే పెద్ద వ్యాపారి ఉన్నాడు. నేను 1,25,000 డాలర్లు ఇస్తా, ఊరు కూడా అంతే పోగేయాలన్నాడు. అలా 1878లో మ్యూజిక్ హాల్ లేచింది. గీసింది శామ్యూల్ హన్నఫోర్డ్. ఎర్ర ఇటుక, కోసుదేలిన గోపురాలు, నడిమిలో బండిచక్రంలా గుండ్రటి పెద్ద కిటికీ. చూస్తే కచేరీ హాలు అనిపించదు, చర్చి అనిపిస్తుంది. పునాదులు తవ్వుతుంటే ఎముకలు బయటపడ్డాయి. అది ఒకప్పుడు దిక్కులేనివాళ్లను పూడ్చిన నేల. 1988లో లిఫ్టు కోసం తవ్వినప్పుడూ ఎముకలే. రాత్రి డ్యూటీ వాచ్‌మన్ల కథలు ఇక వేరే చెప్పాలా.

ఫిండ్లే మార్కెట్ 1855లో తెరిచారు. ఇనప చట్రం మీద కట్టిన పొడవాటి షెడ్డు. మాంసం, సాసేజీలు, కూరగాయలు. ఇప్పటి దాకా ఆగకుండా నడుస్తోంది, ఒహాయోలో అంత పాతది ఇంకోటి లేదు.

1900 నాటికి ఈ చిన్న పేటలో దాదాపు 45 వేల మంది ఉండేవారు. ఇళ్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని, మూడు నాలుగు అంతస్తులు, కింద కొట్టు, పైన కాపురం, చూరు కింద చెక్కడపు అంచులు. బడుల్లో పిల్లలకు ఒక పూట ఇంగ్లిష్, ఒక పూట జర్మన్. 1836 నుంచి ఫోక్స్‌బ్లాట్ అనే జర్మన్ పత్రిక వస్తుండేది.

1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. ఆ డిసెంబర్‌లో నగర సింఫనీ ఆర్కెస్ట్రా నడిపే ఎర్నెస్ట్ కున్వాల్డ్‌ను అరెస్టు చేశారు. ఆయన ఆస్ట్రియా వాడు. జార్జియా రాష్ట్రంలోని యుద్ధ నిర్బంధ శిబిరానికి పంపారు. మరుసటి ఏడాది వీధుల పేర్ల వంతు. బ్రెమెన్ రిపబ్లిక్ అయింది, బెర్లిన్ వుడ్రో అయింది, బిస్మార్క్ మాంట్రియల్ అయింది. జర్మన్ స్ట్రీట్‌ను ఏం చేశారంటారా, ఇంగ్లిష్ స్ట్రీట్ చేశారు. పేర్లు మార్చేవాళ్ల ఊహాశక్తి ఎక్కడైనా ఇంతే. 12వ వీధి మూల మీద ఒక జర్మన్ బీమా కంపెనీ భవనం నెత్తిన జర్మానియా దేవత విగ్రహం ఉండేది. దాన్ని దించలేదు, కొలంబియా అని కొత్త పేరు పెట్టి అమెరికా దేవతను చేశారు. బొమ్మ అదే, ముఖం అదే. బడుల్లో జర్మన్ ఆపేశారు. 1919లో చిన్న తరగతుల్లో జర్మన్ చెప్పకూడదని ఒహాయో చట్టమే చేసింది. అలాంటి చట్టాలు చెల్లవని 1923లో సుప్రీంకోర్టు కొట్టేసింది గానీ, అప్పటికి నేర్పేవాళ్లూ లేరు, నేర్చుకునేవాళ్లూ లేరు. అదే 1919లో ఒహాయోలో మద్య నిషేధం వచ్చింది. భాష పోయిన ఏడాదే జీవనాధారమూ పోయింది. మోర్లైన్ బట్టీ మూతపడి మళ్లీ తెరుచుకోలేదు.

నిజం చెప్పాలంటే యుద్ధానికి ముందే డబ్బున్న జర్మన్లు కొండల మీదికి పోవడం మొదలెట్టారు. 1870ల నుంచి కొండెక్కే ట్రాములు వచ్చాయి, పైన గాలి బాగుంటుంది. వాళ్లను వెళ్లగొట్టారనడం పూర్తి నిజం కాదు. పోయేవాళ్లకు ఓ తోపు తోశారు.

కాలువ కూడా అప్పటికి ఎండిపోయింది. దాని గుంతలో మెట్రో రైలు వేద్దామని 1920లో తవ్వకం మొదలుపెట్టి, డబ్బు చాలక కొన్నేళ్లకే ఆపేశారు. పైన సెంట్రల్ పార్క్‌వే అనే రోడ్డు వేశారు. కింద సొరంగాలు ఇప్పటికీ ఖాళీగా ఉన్నాయి, ఒక్క రైలూ నడవలేదు. అప్పు మాత్రం 1966 దాకా తీర్చారు.

1940ల నుంచి కెంటకీ కొండల్లోని బొగ్గు గనుల పేదలు పనులు వెతుక్కుంటూ ఇక్కడ దిగారు. 1950ల చివర్లో పక్కనున్న వెస్ట్ ఎండ్‌ను హైవే పేరుతో, మురికివాడల తొలగింపు పేరుతో నేలమట్టం చేశారు. 25 వేల మందికి పైగా నల్లజాతి వాళ్ల ఇళ్లు పోయాయి. వాళ్లలో కొందరు ఓటీఆర్‌కి వచ్చారు. ఆ రోజుల్లోనే లిబర్టీ స్ట్రీట్‌ను వెడల్పు చేసి పేటను రెండు ముక్కలు చేశారు. మళ్లీ అదే లిబర్టీ.

అసలు సంగతి ఇక్కడుంది. ఇంత ఇటుక మేడల సంపద అమెరికా నగరాల్లో మిగలడం అరుదు. ఇక్కడ సగం పోయినా సగం మిగిలింది. వారసత్వం మీద ప్రేమతో ఎవరూ కాపాడలేదు. కూల్చి కొత్తది కట్టాలన్నా లాభం రాని పేదపేట కాబట్టి మిగిలాయి. అద్దె తక్కువని అక్కడ తలదాచుకున్నవాళ్లే, తెలియకుండానే, ఆ గోడలకు కాపలా కాశారు.

1983లో పేటను జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చాలన్నప్పుడు గట్టిగా ఎదురుతిరిగింది ఆ పేదల పక్షమే. వాళ్ల ముందున్నది బడ్డీ గ్రే, ఇల్లులేనివాళ్లకు డ్రాప్ ఇన్ సెంటర్ అనే ఆశ్రయం నడిపినవాడు. చారిత్రక భవనం బాగుచేయించే యజమానికి ఫెడరల్ పన్ను రాయితీ 1981 చట్టంతో పెరిగింది. జాబితాలోకి ఎక్కితే రాయితీ కోసం పెట్టుబడి వస్తుంది, దాని వెంట అద్దె పెరుగుతుందని ఆయన లెక్క. బయటివాళ్లకు ఇది మొండితనంగా కనిపించింది. జాబితా మాత్రం ఆమోదం పొందింది. 1996లో బడ్డీ గ్రే తను ఆదుకున్న ఒక మనిషి తుపాకీకే బలయ్యాడు.

ఆయన భయపడినది వెంటనే జరగలేదు. ఇరవై ఏళ్లు పెట్టుబడీ రాలేదు, ఇళ్లు కూలుతూనే ఉన్నాయి. 2000 నాటికి జనాభా 7,600 దగ్గరికి పడిపోయింది. 2001 కాల్పులు, ఆ తర్వాతి అల్లర్లు వచ్చాకే పెద్ద కంపెనీలు కదిలాయి. 2003లో 3సీడీసీ అనే అభివృద్ధి సంస్థ పుట్టింది. ఖాళీ భవనాలు వరసగా కొని, బాగుచేసి, అపార్ట్‌మెంట్లుగా అమ్మింది. 2006లో అమెరికాలో ప్రమాదంలో ఉన్న చారిత్రక స్థలాల జాబితాకెక్కిన పేట, పదేళ్లు తిరిగేసరికి పత్రికల్లో ఆదర్శమైంది. 2013లో మోర్లైన్ పాత బాట్లింగ్ ప్లాంటులోనే కొత్త బీరు కంపెనీ వచ్చింది. పేరు రైన్‌గైస్ట్, అంటే రైన్ దయ్యం. 2016లో ట్రామ్ వచ్చింది, 2017లో 13 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుతో మ్యూజిక్ హాల్ మళ్లీ తెరిచారు.

హాలుకు ఎదురుగా వాషింగ్టన్ పార్క్. అదీ పాత శ్మశానమే. 2012లో దాదాపు 4.8 కోట్ల డాలర్లు పెట్టి కొత్తగా చేశారు. కింద కార్ల పార్కింగ్, పైన పచ్చిక, రంగురంగుల ఫౌంటెన్లు, పిల్లలకు బొమ్మ కోట. ఎండాకాలం సాయంత్రాలు చూడముచ్చటగా ఉంటుంది, కాదనలేం. కానీ అంతకుముందు అక్కడ ఆ చుట్టుపక్కల పిల్లలు ఈదే కొలను, బాస్కెట్‌బాల్ కోర్టు ఉండేవి. కొత్త పటంలో ఆ రెండూ లేవు. మాకు కోర్టు కావాలని వాళ్లు మీటింగుల్లో అడిగారు. రాలేదు. పార్కు పక్కనే 12వ వీధిలో ఉన్న డ్రాప్ ఇన్ సెంటర్‌ను 2015లో పేట బయటికి, గోడౌన్ల మధ్యకు మార్చారు.